సందు

రాజురా నాకా కాడ, తర్రి పోహా బండి వెనకాల
నాకొక ప్లాస్టిక్ కుర్చీ, ఒక అట్ట, రెండు పెన్సిళ్లు,
మెడలో తాడుకు స్టాప్‌వాచ్.
పొద్దున ఆరు నుంచి పది దాకా నా పని
సందులు కొలవడం.

సందంటే ఇళ్ల మధ్యది కాదు.
ముందు బండి వెనక చక్రం సున్నపు గీత దాటాక
వెనక బండి ముందు చక్రం అదే గీతను తాకేదాకా
రోడ్డు ఎవరిదీ కాని ఆ కాస్త సేపు.
పక్క దారిలో ఆగినవాడు దాన్ని చూస్తాడు.
రెండు సెకన్లు: వద్దనుకుంటాడు.
మూడున్నర: క్లచ్ మీద కాలు కదిలి, మళ్లీ ఆగుతుంది.
అయిదు: దూరుతాడు.
నేను రాసుకుంటాను.

చంద్రపూర్ నుంచి వచ్చిన నగరాళే సార్
సగం మరాఠీలో, సగం టీ గ్లాసులు జరిపి చూపించాడు:
మనిషి మనసు కనబడదు.
వదిలేసిన సందుల్లో అన్నిటికన్నా పెద్దది,
చివరికి ఒప్పుకున్నది,
ఈ రెంటి నడుమ ఎక్కడో ఉంటుంది అతని భయం.
దానికో గ్రీకు అక్షరం పెట్టాడు,
వంగిపోయిన పిన్నీసులాంటిది.

ఆ రాత్రి జొన్నరొట్టె కాలుస్తూ
నా సందులు లెక్కబెట్టుకున్నాను.
వదిలేసినవాటిలో పెద్దది నాగపూర్ నర్సింగు సీటు.
ఒప్పుకున్నది ఈ కుర్చీ.
రొట్టె మాడింది.

బొగ్గు టిప్పర్లకు నంబరు ప్లేటు చివరి అంకెలే పేర్లు.
నాలుగు నాలుగు ఒకటి ఏడు
మొదటి ట్రిప్పులో ఆరు సెకన్ల సందును కూడా వదిలేస్తాడు,
అడ్డమొచ్చిన బర్రెకు హారన్ కొట్టడు.
నాలుగో ట్రిప్పుకు రెండు పాయింట్ ఎనిమిదిలో దూరుతాడు.
అదే మనిషి, అదే బ్రేకు, అదే ఎండ కాస్త ముదిరింది.

పోహా తింటుంటే అడిగాను, భయం తగ్గిందా అని.
ఎల్కటూరి మల్లేశం శనగల పులుసు ఊదుకుంటూ అన్నాడు:
"భయం గట్లనే ఉన్నది చెల్లె.
నాలుగు ట్రిప్పులు బండికి. అయిదోది ఇంటికి."

సార్ సమీకరణంలో వాన ఉంది, బండి పొడవుంది,
ఎంతసేపు ఆగాడో ఉంది. ట్రిప్పు ఎన్నోదో లేదు.
ఒక్క గడి పెట్టండి సార్ అన్నాను.
అది కాంట్రాక్టరు సంగతి, రోడ్డుది కాదన్నాడు.
వరస చివర కూడిక గుర్తు, దాని పక్కన ఒక చిన్న అక్షరం:
"మనకు తెలియనిదంతా ఇందులో పోస్తాం."
ఆ అక్షరంలోకి తొంగి చూశాను.
ఎంత ఇరుకో లోపల!
నిద్రలేని క్లీనర్లు, ఇంటి నుంచి ఫోన్ మోగినవాళ్లు,
పెడల్ అందని సైకిల్ మీద మడావి వాళ్ల పిల్ల,
బ్రేకు షూ మార్చడానికి ఒకటో తారీఖు దాకా ఆగమన్న సేటు.

అయినా అట్ట అంచున పెన్సిల్‌తో గడి గీశాను.
ఇరవై రెండు రోజులు నింపాను.

వార్ధా వంతెన మీద నీళ్లు తీసిన వారానికి
సార్ ఫోన్ చేశాడు. నీ గడి కలిపితే
గీత చుక్కల మీద కుదురుగా కూర్చుందన్నాడు,
అల్లుడి గురించి చెప్పినట్టు.
తొమ్మిది దాటాక పక్క దారికి
పచ్చ లైటు పదకొండు సెకన్లు పెరిగింది.
పెట్రోలు బంకు దాకా సాగే వరస
ఇప్పుడు సైకిల్ షాపు కాడ తెగుతోంది.
దూరేవాళ్లు తగ్గారు. నా అట్ట మీద కూడా తగ్గారు,
అబద్ధం చెప్పను, సంబరపడ్డాను.

మల్లేశం కిటికీలోంచి అరిచాడు:
"టైం మిగులుతున్నదంట గదా!
కాంట్రాక్టరు ఆరో ట్రిప్పు గూడ ఎయ్యమన్నడు."

సార్‌కు ఆ మాట చెప్పాను. చాలాసేపు పలకలేదు.
తర్వాత, ఇంకో గడి గీయి అన్నాడు.

నిన్న పదింటికి కుర్చీ మడిచి రోడ్డు దాటబోతున్నాను.
నాలుగు నాలుగు ఒకటి ఏడు, ఆరో ట్రిప్పు,
ముందంతా ఖాళీ, తొమ్మిది సెకన్లైనా ఉంటుంది.
ఆపాడు. చెయ్యి బయటికి పెట్టి, పో అన్నాడు.

ఎంతసేపు ఆగాడో కొలవలేదు.
ఒక చేతిలో కుర్చీ ఉంది, ఇంకో చేతిలో టిఫిన్.